చిగుళ్ల నీరు తీసుకున్నారు సరే, ఫలితం ఎవరికి చెబుతారు?

సంపాదకులకు నమస్కారం.

చిగుళ్ల సందుల్లో ఊరే నీటి చుక్కతో షుగరు, గుండెజబ్బు అన్నీ ముందే పట్టేయొచ్చని ఆమధ్య మీ ఆరోగ్యం పేజీలో వేశారు. అప్పుడే రాద్దామనుకుని ఊరుకున్నాను. తీరా మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒక పెద్దాయన "ఇక షుగర్ టెస్టుకు సూది గుచ్చుకోనక్కర్లేదట" అని ఆ కటింగ్ పెట్టి సంబరపడుతుంటే ఇక ఊరుకోబుద్ధి కాలేదు.

అదేదో నిన్న మొన్న కనిపెట్టినట్టు రాశారు గానీ, 1958లోనే బ్రిల్, క్రాస్సే అనే ఇద్దరు పరిశోధకులు కుక్కలకు రంగు మందు ఇంజెక్షన్ ఇచ్చి, చిగురుకూ పంటికీ మధ్య సన్నటి కాగితం ముక్క పెట్టి, ఆ రంగు కాగితంలోకి దిగడం చూశారు. అంటే రక్తంలో ఉన్నది చిగురు సందులోకి ఊరుతుందని అప్పుడే తేలింది. చిగురు బాగుంటే ఊట చాలా తక్కువ, వాస్తే పెరుగుతుంది. అందులో మన కణజాలాన్ని కొరికేసే ఎంజైములుంటాయి, పంటిని పట్టి ఉంచే ఎముక అరుగుతోందో లేదో వాటి లెక్కను బట్టి ఊహించవచ్చని ఇన్నేళ్లుగా పరిశోధనలు నడుస్తున్నాయి. బాగానే ఉంది. కానీ ఆ దొరికేది మిల్లీలీటరులో వెయ్యో వంతు లెక్కన కొలిచే నీరు. కాస్త ఉమ్మి తగిలినా, రక్తం కలిసినా శాంపిల్ పాడయినట్టే. కాగితం ఎన్ని సెకన్లు ఉంచారన్నదాన్ని బట్టి కూడా లెక్క మారుతుంది. ఇప్పటికీ చిగుళ్ల డాక్టరు నమ్ముకునేది గీతలున్న సన్నటి కొలపుల్లనూ ఎక్స్‌రేనే. ఈ మాట మీ వార్తలో ఒక్క లైను ఉంటే ఏం పోయేది? దాని కిందే అరపేజీ టూత్‌పేస్టు ప్రకటన మాత్రం నిండుగా ఉంది.

అసలు నా బాధ వేరే. ఈ పరిశోధనలకు నోరు తెరిచి కూర్చునేది ఎవరు? తక్కువ ఖర్చులో పని అవుతుందని డెంటల్ కాలేజీ ఓపీకి వెళ్లే మనలాంటి వాళ్లమే. మావారికి షుగరు, కింది పళ్లు కదులుతున్నాయని ఒక ప్రైవేటు డెంటల్ కాలేజీకి తీసుకెళ్లాను. పీజీ చదివే అమ్మాయి, ఎంతో మర్యాదగా "కదలకండి అంకుల్" అంటూ దూది పెట్టి, చిగురు ఆరబెట్టి, సందుల్లో కాగితం ముక్కలు పెట్టి తీసి చిన్న సీసాలో వేసుకుంది. అంతకుముందే ఇంగ్లీషులో పేజీలకు పేజీలున్న ఫారం ఇచ్చి ఇక్కడొకటి, ఇక్కడొకటి అని సంతకాలు పెట్టించుకుంది. ఆయన చదివింది తెలుగు మీడియం, అదీ అద్దాలు ఇంట్లో మర్చిపోయి వచ్చారు. తర్వాత పళ్ల గార తీసే స్కేలింగ్‌కి వెళ్లినప్పుడు ఆ రిపోర్టు ఏమైందమ్మా అని అడిగితే "అది స్టడీ కోసం ఆంటీ, పేషెంట్‌కి రిపోర్టు ఉండదు" అంది. ఆ పిల్లను నేనేమీ అనను. థీసిస్ రాయకపోతే ఎండీఎస్ అనే ఆ పంటి వైద్యం పీజీ పట్టా రాదు, గైడు చెప్పినట్టు చేసింది. ఆ గైడు, పరిశోధనల్లో రోగులకు అన్యాయం జరక్కుండా చూడాల్సిన ఆ ఎథిక్స్ కమిటీ ఏం చేస్తున్నట్టు? మనిషికి అర్థమయ్యే భాషలో కాగితం ఇవ్వాలనీ, ఇష్టం లేకపోతే తప్పుకోవచ్చనీ, తప్పుకున్నా వైద్యం ఆపకూడదనీ భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది. తెలుగు కాగితం కూడా ఉండే ఉంటుంది లెండి, ఏ తనిఖీ బృందమో వచ్చినప్పుడు చూపించడానికి ఏ బీరువాలోనో. మనుషుల మీద చేసే ఇలాంటి ప్రయోగాల (క్లినికల్ ట్రయల్స్) వివరాలు అందరికీ కనపడాలని 2007లో ఒక రిజిస్ట్రీ పెట్టారు, అదీ ఇంగ్లీషే. మావారు అది తెరిచి ఏం చేసుకోవాలి?

పోనీ ఆ థీసిస్‌లన్నా కొత్త సంగతి చెబుతాయా అంటే, షుగరు ఉన్నవాళ్ల చిగుళ్లు, లేనివాళ్ల చిగుళ్లు, స్కేలింగ్‌కు ముందు, స్కేలింగ్ తర్వాత, ఎంజైము పేరు మార్చి ఏటా అదే తంతు. 1965లో డెన్మార్క్‌లో హరాల్డ్ లో (Löe) అనే పరిశోధకుడు పట్టుమని 12 మందిని పళ్లు తోముకోవద్దన్నాడు. మూడు వారాలు తిరిగేలోగా అందరికీ చిగుళ్లు వాచాయి, మళ్లీ తోమడం మొదలుపెట్టగానే తగ్గాయి. పాచే కారణమని తేలిపోయింది. ప్రశ్న గట్టిదైతే 12 మంది చాలు. మన శ్రీకాకుళం వైపు ఆడవాళ్లు చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ మీద పిండ్‌బోర్గ్ అనే డెన్మార్క్ ప్రొఫెసరు, బొంబాయి పరిశోధకులు కలిసి 10,169 మంది పల్లెజనం అంగిళ్లు (నోటి పైకప్పు) పరీక్షించి 1971లో పత్రం ప్రచురించారు. ప్రపంచమంతా దాన్ని ఉదహరిస్తుంది. ఆ ఊళ్లకు మీ విలేకరిని ఒక్కసారి పంపి, పంటి డాక్టరు కోసం ఎంత దూరం పోవాలో అడిగించండి. అది వార్త.

సర్కారు సంగతి చెప్పేదేముంది! జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమం మొదలై పదేళ్లు దాటింది. ఆయుష్మాన్ కేంద్రాల్లో ఇచ్చే 12 రకాల సేవల్లో నోటి వైద్యం కూడా ఒకటి. మా సబ్‌సెంటర్ గోడ మీద అది చక్కగా రంగులతో రాసుంది, లోపల చిగుళ్లు చూసేందుకు బుల్లి అద్దం కూడా లేదు. చిగురు వాచిందంటే యాంటీబయాటిక్, నొప్పి మాత్ర, 'పెద్దాసుపత్రికి వెళ్లండి'. పంటి డాక్టరు చదువు బీడీఎస్ చదివిన పిల్లలేమో చాలీచాలని జీతాలకు క్లినిక్కుల చుట్టూ తిరుగుతున్నారు. స్కేలింగ్ చేయిస్తే పళ్లు అరిగి సందులు పడతాయని మా వీధిలో ఇప్పటికీ నమ్ముతారు. గార తీసేశాక, అది కప్పేసిన సందు బయటపడుతుంది, అంతేనని చెప్పే నాథుడు లేడు. పొగతాగేవాళ్లకు చిగుళ్ల జబ్బు లోపల ముదురుతున్నా రక్తం అంతగా కారదు, అందుకని తమకేమీ లేదనుకుంటారు. షుగరు అదుపులో లేకపోతే చిగుళ్లు పాడవుతాయి, చిగుళ్లు పాడైతే షుగరు అదుపు తప్పుతుంది. ఇవి వేయండి మీ ఆరోగ్యం పేజీలో. మీ పత్రికలో ఒకప్పుడు డాక్టర్లే పాఠకుల ప్రశ్నలకు జవాబులు రాసేవారు, ఇప్పుడు ఎక్కడినుంచో వచ్చిన ప్రెస్‌నోటుకు ఫోటో తగిలించి వదిలేస్తున్నారు.

నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. ప్రతి డెంటల్ కాలేజీ ఓపీ హాల్లో, ఇప్పుడు రోగుల మీద ఏ స్టడీలు నడుస్తున్నాయో, దేనికి ఏం తీసుకుంటున్నారో తెలుగులో బోర్డు పెట్టాలి. స్టడీ అయిపోయాక ఏం తేలిందో ఒక పేజీ, అదీ తెలుగులోనే, శాంపిల్ ఇచ్చిన ప్రతి మనిషికీ ఫోనుకు పంపాలి. నంబర్లు వాళ్ల దగ్గర ఎలాగూ ఉన్నాయి, పళ్ల సెట్టు డిస్కౌంటు మెసేజీలు మాకు ఠంచనుగా వస్తూనే ఉన్నాయి. ఇది కుదరదనే ప్రిన్సిపాల్ గారెవరైనా ఉంటే, ఎందుకు కుదరదో మీ పత్రికకే రాయమనండి.

— ఒక రిటైర్డ్ టీచర్, తెనాలి