నా ఫోటోతో నడుస్తున్న నకిలీ ఖాతాపై ఫిర్యాదు

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

అయ్యా,

నేను బెంగళూరు మారతహళ్లిలో ఇంటి నుంచే మంగళగిరి చీరలు అమ్ముతాను. మీ యాప్‌లో నా ప్రొఫైల్ ఫోటోను ఎవరో ఎత్తుకుపోయి, వేరే పేరుతో ఖాతా తెరిచి, అడ్వాన్సులు వసూలు చేస్తున్నారు. చాట్‌లో మీవాళ్లకు చెబితే, నియమాలకు విరుద్ధంగా ఏమీ కనబడలేదన్నారు. ఆ ఖాతా ఇంకా నడుస్తూనే ఉంది.

కేఆర్ పురంలో ఉండే ఒక తెలుగావిడ కూతురి సీమంతానికి పెట్టుబడి చీరలు కావాలని ఆ ఖాతాకు యూపీఐలో డబ్బు పంపారు. చీరలు రాలేదు. తర్వాత నా పేజీ కంటబడితే నేనే దొంగననుకుని ఫోన్ చేసి నానా మాటలన్నారు. వీడియో కాల్‌లో బీరువా తెరిచి, ఫోటోలో నేను కట్టుకున్న ఆకుపచ్చ నిజాం బోర్డర్ చీర తీసి చూపించాక గానీ నమ్మలేదు. "మీ మొహం చూసే పంపానమ్మా, ఇంకేం చూడలేదు" అని ఏడ్చారు. నాకు నోట మాట రాలేదు.

ఆవిడను తప్పుపట్టలేం. ముఖం చూసి మనిషి నమ్మదగ్గవారో కాదో తేల్చుకోవడానికి సెకనులో పదో వంతు చాలని ప్రిన్స్‌టన్ పరిశోధకులు 2006లోనే చూపించారు. ఇంకాసేపు చూసినా అభిప్రాయం పెద్దగా మారదు, దాని మీద ధీమా మాత్రం పెరుగుతుంది. ఇది మీకు తెలియనిదేం కాదు. ఫోటో పెడితే కొనేవాళ్లకు నమ్మకం కలుగుతుందని నా వెంటపడి పెట్టించింది మీరే. పెట్టాక ఆర్డర్లు పెరిగిన మాట నిజం, వాటి మీద మీకు కమిషనూ వచ్చింది. అలాంటప్పుడు ఆ ఫోటో ఎవరిదో చూసుకునే పూచీ కూడా మీదే.

అన్నిటికంటే బాధ కలిగించేది ఆ నకిలీ ఖాతాలో నా ముఖం పక్కనున్న మీ పచ్చ టిక్కు. అది కేవలం ఫోన్ నంబరుకు ఓటీపీ సరిపోయిందన్న గుర్తు. కానీ ఫోటోకు ఆనించి పెడితే, ఈ మనిషెవరో కంపెనీ చూసుకుందనే ఎవరైనా అనుకుంటారు.

ఆ ఖాతాను వెంటనే ఆపండి. దాని వివరాలు చెరిపేయకుండా పోలీసులకు అందజేయండి, ఆవిడ ఇప్పటికే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేశారు. టిక్కును ఫోటో దగ్గర నుంచి తీసి నంబరు పక్కన పెట్టండి. ఖాతా ఎప్పుడు తెరిచారో, ఎన్ని అమ్మకాలు జరిగాయో ఫోటో కిందే కనబడాలి. ఫోటోలు వద్దని నేననడం లేదు. నాలాంటి చిన్న అమ్మకందారులకు షాపు బోర్డు లేదు, ఉన్నది ఆ ముఖమే.

ఇంకొకరిలా నటిస్తూ ఆన్‌లైన్‌లో మోసం చేయడం ఐటీ చట్టం 66డి కింద 3 ఏళ్ల దాకా జైలు పడే నేరం. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఈ లేఖ అందినట్టు 48 గంటల్లో తెలియజేసి, నెలలోపు పరిష్కరించాలి. లేదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి, ఆపైన వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. రెండు ప్రొఫైళ్ల స్క్రీన్‌షాట్లు జతచేశాను.

ఇట్లు,
మీ యాప్‌లో చీరల అమ్మకందారు,
మారతహళ్లి, బెంగళూరు