అమ్మ బీపీ సంగతి దాచకు

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. మొత్తానికి అమ్మను వెంటబెట్టుకుని యూరప్‌లో ఉన్న చెల్లెలి దగ్గరికి బయలుదేరుతున్నారన్నమాట! ఎన్నేళ్ళుగా అనుకుంటున్న ప్రయాణం ఇది. మనవరాలు పుట్టినప్పటి నుంచి అమ్మ ఫోనులో ముఖం చూసుకోవడమే తప్ప ఒళ్ళోకి తీసుకున్నది లేదు. చదువుతుంటే నాకే కళ్ళు చెమర్చాయి. పన్నెండు రోజులు, మూడు దేశాలు, రైలు ప్రయాణాలు, నీ కొడుక్కి మంచు కొండలు, అంతా చక్కగా కుదిరింది.

ఉత్తరం చివర నువ్వు హడావుడిగా రాసిన రెండు వాక్యాలు మాత్రం నన్ను రాత్రి నిద్రపోనివ్వలేదు. పోయిన నెల డాక్టరు అమ్మ బీపీ మాత్ర మోతాదు పెంచారనీ, ఆ సంగతి ప్రయాణ బీమా ఫారంలో రాయనక్కర్లేదని, రాస్తే ప్రీమియం పెరుగుతుందని ఏజెంటు చెప్పాడనీ రాశావు. నీ దగ్గరున్న మూడు పాలసీల్లో ఏది చవకో చెప్పమని నన్ను అడిగావు. చవక సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ ఫారంలో అమ్మ బీపీ గురించి రాయి. ఎప్పటి నుంచి ఉందో, ఏ మందు వాడుతోందో, మోతాదు ఎప్పుడు మారిందో అన్నీ రాయి.

ఎందుకంత పట్టుబడుతున్నానో చెబుతాను. అక్కడ ఏ అర్ధరాత్రో అమ్మకు ఛాతీలో బరువుగా అనిపించి ఆసుపత్రికి తీసుకువెళ్ళారనుకో. డాక్టరు అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి "ఏం మందులు వాడుతున్నారు?" అన్నదే. చెల్లెలు అమ్మ వైపు తిరిగి అడుగుతుంది, అమ్మ ఉన్నదున్నట్టు చెబుతుంది. ఇన్నేళ్ళుగా బీపీ, ఈ మధ్యే మాత్ర పెంచారు. అబద్ధం ఆడడం అమ్మకు చేతకాదు, ఆ సమయంలో ఆడకూడదు కూడా. చికిత్స ఆ మాట మీదే ఆధారపడుతుంది. డాక్టరు దాన్ని కేసు షీట్‌లో రాస్తారు. తర్వాత క్లెయిమ్ వెళ్ళినప్పుడు కంపెనీ అడిగే కాగితాల్లో అదీ ఉంటుంది. ఒక పక్క ఆ కేసు షీట్, ఇంకో పక్క "ఏ జబ్బూ లేదు" అని టిక్కు పెట్టిన నీ ఫారం. రెండూ పక్కపక్కన పెట్టి చూశాక కంపెనీ ఏమంటుందో వేరే చెప్పాలా? కొన్ని ఒప్పందాల్లో ఆ ఒక్క కారణంతో పాలసీనే రద్దు చేయవచ్చు. అప్పుడు బీపీతో సంబంధం లేని ఖర్చుకు కూడా దిక్కుండదు. ఆ రోజు ఆ ఏజెంటు ఆసుపత్రి వరండాలో మీ పక్కన నిలబడడు.

అయితే రాసినంత మాత్రాన కంపెనీ ఖర్చు భరిస్తుందనీ అనుకోకు. చాలామంది పొరపడేది ఇక్కడే. ముందే ఉన్న జబ్బుల విషయంలో పాలసీలన్నీ ఒకలా ఉండవు. కొన్ని వాటిని పూర్తిగా మినహాయిస్తాయి. కొన్ని ప్రాణం మీదికి వచ్చినప్పుడు, పరిస్థితి నిలకడకు వచ్చేవరకు మాత్రమే, అదీ ఒక పరిమితి దాకా ఇస్తాయి. అదనపు ప్రీమియం కడితే వాటినీ కలుపుకునేవి ఉన్నాయి. ఇంకొన్నిటిలో ఒక మెలిక ఉంటుంది: ప్రయాణానికి ముందు ఇన్ని నెలలుగా జబ్బు నిలకడగా ఉండాలి, మందు గానీ మోతాదు గానీ మారి ఉండకూడదు అని. మోతాదు పోయిన నెలే మారింది కదా, అందుకే నీ ఉత్తరంలో ఆ వాక్యం చదవగానే నా గుండె గుభేలుమంది. మూడు పాలసీల్లోనూ ఈ షరతు ఉందో లేదో వెతుకు. రంగుల కరపత్రంలో కనబడదు. "పాలసీ నిబంధనలు" అని చిన్న అక్షరాల్లో ముప్పై నలభై పేజీల కాగితం ఒకటి ఉంటుంది, అందులో ముందు నిర్వచనాల పేజీ చదివి, తర్వాత మినహాయింపుల పేజీ చదువు. ఏజెంటు నోటితో చెప్పింది నమ్మకు. ప్రశ్నను కంపెనీకే రాసి పంపు, జవాబు రాతపూర్వకంగా తీసుకో.

ఇక బీమా మొత్తం. పెద్ద అంకె చూసి మురిసిపోయావని నీ ఉత్తరమే చెబుతోంది. యూరప్‌లోని చాలా దేశాలకు ఉమ్మడిగా చెల్లే షెంజెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా కావాలి. 2009లో వచ్చిన వీసా నియమావళిలో ఉన్న మాట ఇది. అత్యవసర చికిత్స, ఆసుపత్రి ఖర్చు, జబ్బుపడినవారిని స్వదేశానికి చేర్చడం, మరణిస్తే భౌతికకాయాన్ని పంపడం, ఇవన్నీ అందులో ఉండాలి. మీరు చూసే మూడు దేశాల్లోనే కాదు, షెంజెన్‌లోని 29 దేశాల్లోనూ, ఉండే రోజులన్నిటికీ అది చెల్లాలి. కానీ అది వీసా ఇచ్చేవారు పెట్టుకున్న కనీస హద్దు మాత్రమే. అమ్మ వయసుకు, అమ్మ ఆరోగ్యానికి అది చాలుతుందని ఎవరూ హామీ ఇవ్వలేదు. గుండెకు సంబంధించిన చికిత్స, నాలుగు రోజుల ఐసీయూ, ఆపైన డాక్టరు తోడుతో విమానంలో తిరుగు ప్రయాణం అంటే ఆ మొత్తం ఎంతోసేపు నిలవదు. కొంచెం ఎక్కువ కట్టి పెద్ద మొత్తమే తీసుకో.

అయితే ఆ పెద్ద మొత్తం లోపల చిన్న చిన్న గదులు ఉంటాయి. కొన్ని పాలసీల్లో అరవై దాటినవారికి గది అద్దెకు ఇంత, సర్జనుకు ఇంత, అంబులెన్సుకు ఇంత అని విడివిడిగా పరిమితులు పెడతారు. పైన లక్ష డాలర్లని రాసి ఉన్నా, లోపల ఆపరేషనుకు ఇచ్చేది అందులో చిన్న ముక్కే కావచ్చు. డిడక్టిబుల్ అనే మాట కూడా చూడు, మనం ముందుగా చేతినుంచి పెట్టుకోవలసిన మొత్తం అది. అది 100 డాలర్లయితే 80 డాలర్ల బిల్లుకు కంపెనీ నుంచి ఏమీ రాదు. అది ఒక్కో క్లెయిమ్‌కు విడిగా కట్టాలా, మొత్తం ప్రయాణానికి ఒక్కసారేనా అన్నది కూడా అడుగు.

ఇదంతా నాకు కాగితాలు చదివి తెలిసింది కాదు. మూడేళ్ళ క్రితం నేను ఒంటరిగా వెళ్ళిన ప్రయాణంలో మణికట్టు విరిగిన సంగతి నీకు క్లుప్తంగా చెప్పాను, ఇప్పుడు పూర్తిగా చెబుతాను. వాన పడి తడిసిన రైల్వే స్టేషన్ మెట్ల మీద కాలు జారింది. చేయి నేలకు ఆనించి పడ్డాను. పది నిమిషాల్లో చేయి ఎంత వాచిందంటే గడియారం పట్టీ చర్మంలోకి దిగబడిపోయింది, అత్యవసర విభాగంలో నర్సు కత్తెరతో ఆ పట్టీని కత్తిరించి తీసింది. అప్పుడు కౌంటర్‌లో ఉన్నావిడ బీమా కాగితం అడిగింది. అది బస చేసిన గదిలో, పెట్టె అడుగున ఉంది. ఫోనులో ప్రతి లేదు. కంపెనీ పేరు గుర్తుంది, సహాయ నంబరు గుర్తులేదు. ఎడమచేత్తో సంతకం పెట్టి, కార్డుతో మొత్తం కట్టేశాను. ఇంటికి వచ్చాక క్లెయిమ్ పెడితే, 24 గంటల్లోగా సహాయ కేంద్రానికి తెలపలేదని ఒక కోత, డిడక్టిబుల్ ఒక కోత, ఎక్స్‌రే నివేదిక అసలు ప్రతి లేదని రెండు నెలల ఆలస్యం. కంపెనీ నిబంధనలో ఉన్నదే చేసింది. ఆ నిబంధన నా సంతకం కిందే ఉంది, నేనే చదవలేదు. ఆ నొప్పిలో ఒంటరిగా ఆ కౌంటర్ ముందు నిలబడ్డప్పుడు కలిగిన బెంగ నాకింకా గుర్తుంది. అమ్మకూ నీకూ అది రాకూడదు.

బీమా కంపెనీ వేరు, విదేశంలో ఫోను ఎత్తే సహాయ సంస్థ వేరు. చాలా కంపెనీలు ఆ పనిని ఇంకో సంస్థకు అప్పగిస్తాయి. ఖర్చు మేము భరిస్తామని ఆసుపత్రికి హామీ పత్రం పంపేది, ఏ ఆసుపత్రికి తీసుకువెళ్ళాలో చెప్పేది, అక్కడి డాక్టరుతో మాట్లాడేది, అవసరమైతే తిరుగు ప్రయాణం ఏర్పాటు చేసేది ఆ సంస్థే. అందుకే నేనయితే పాలసీని ఎంచుకునే ముందు ఆ నంబరుకు ఒకసారి ఫోను చేసి చూస్తాను, అదీ రాత్రి పూట. ఎంతసేపటికి ఎత్తుతారు, ఎత్తినవారికి సంగతి తెలుసా, అమ్మకు అర్థమయ్యే భాషలో మాట్లాడతారా అన్నది పది నిమిషాల్లో తేలిపోతుంది. ప్రీమియంలో కొద్దిపాటి తేడా కన్నా నాకు ఇదే ముఖ్యం. నగదు రహిత చికిత్స అన్న మాట ఎక్కువగా ఆసుపత్రిలో చేరినప్పుడే వర్తిస్తుంది. జ్వరమో, విరేచనాలో వచ్చి క్లినిక్కు వెళితే డబ్బు మనమే కట్టి తర్వాత అడిగి తీసుకోవాలి. కాబట్టి కార్డులో కొంత డబ్బు అట్టే ఉంచు, ప్రతి బిల్లూ, ప్రతి చీటీ, డిశ్చార్జి పత్రం అసలు ప్రతులు దాచు.

అసలైన ప్రమాదంలో మాత్రం ఈ ఫోన్ల క్రమం మరిచిపో. ముందు 112 నొక్కు. యూరప్ దేశాలు 1991లో ఉమ్మడిగా నిర్ణయించుకున్న అత్యవసర నంబరు అది, ఏ మొబైల్ నుంచైనా ఉచితం. అంబులెన్సు బయలుదేరాక చెల్లెలో నువ్వో సహాయ సంస్థకు చెప్పండి. ఆ నంబరు, పాలసీ సంఖ్య ఒక అట్టముక్క మీద రాసి అమ్మ చేతిసంచిలో ఒకటి, నీ జేబులో ఒకటి పెట్టు. ఫోనులో ఫోటో ఉంది కదా అని ఊరుకోకు, ఛార్జి అయిపోతే ఆ ఫోటో ఎందుకూ పనికిరాదు.

నీ కొడుకు మంచు మీద స్కీయింగ్ చేస్తానంటున్నాడన్నావు. చేయనీ, ఆ వయసులో కాకపోతే ఎప్పుడు? కానీ మామూలు పాలసీలు చాలావరకు స్కీయింగ్‌ను మినహాయిస్తాయి, లేదా గుర్తు పెట్టిన దారుల్లో మాత్రమే ఒప్పుకుంటాయి. అదనంగా కట్టి కలుపుకో, అందులో కొండ మీద రక్షణ ఖర్చు ఉందో లేదో చూడు. స్విట్జర్లాండ్‌లో హెలికాప్టర్ వచ్చి కిందికి దించితే ఆ బిల్లు దిగినవారికే వస్తుంది. అద్దె స్కూటరు ఆలోచన ఉంటే మానుకోమను. అక్కడ చెల్లే లైసెన్సు లేకుండా నడిపి పడినా, మద్యం తాగి దెబ్బ తగిలించుకున్నా చాలా కంపెనీలు చేతులెత్తేస్తాయి.

సామాను పోవడం, విమానం ఆలస్యం లాంటివి ఉంటే మంచిదే, వాటిని బట్టి పాలసీని ఎంచుకోకు. తేదీల విషయంలో మాత్రం జాగ్రత్త. ఇల్లు వదిలిన రోజు నుంచి తిరిగి చేరే రోజు దాకా తీసుకుని, వెనక రెండు రోజులు కలుపు. తిరుగు విమానం రద్దయితే ఆ రెండు రోజులు ఆదుకుంటాయి. బయలుదేరక ముందే కొను, దేశం దాటాక చాలా కంపెనీలు అమ్మవు. "అమెరికా, కెనడా మినహా" అని ఉన్న పాలసీ మీకు సరిపోతుంది, అయితే విమానం మధ్యలో అటువైపు ఆగకుండా ఉంటేనే. నీ క్రెడిట్ కార్డుతో బీమా ఉచితంగా వస్తుందన్నావు కదా, అది టికెట్టు ఆ కార్డుతో కొన్నవారికేనా, అమ్మ వయసు వారికి వర్తిస్తుందా అన్నది అడగకుండా దాని మీద ఆధారపడకు.

అమ్మ మందులు పెద్ద పెట్టెలో వేయకు, చేతిసంచిలో పెట్టు. మాత్రల పట్టీలను విప్పకుండా అట్టపెట్టెలతోనే తీసుకువెళ్ళు. పన్నెండు రోజులకని లెక్కపెట్టుకోకుండా ఇంకో వారానికి సరిపడా ఎక్కువ పెట్టు. మందుల వ్యాపార పేర్లు దేశదేశానికీ మారిపోతాయి. డాక్టరు చేత అసలు మందు పేరు, ఆమ్లోడిపిన్ అనో టెల్మిసార్టాన్ అనో, ఎన్ని మిల్లీగ్రాములో స్పష్టంగా ఇంగ్లిషులో రాయించుకో. అదే కాగితంలో మోతాదు ఎప్పుడు ఎందుకు మార్చారో, ఇప్పుడు బీపీ ఎంత ఉందో, ప్రయాణానికి ఇబ్బంది లేదనీ రాయమను. ఆ కాగితం ప్రతినే బీమా కంపెనీకి నీ ప్రశ్నతో పాటు పంపు.

మూడు పాలసీల నిబంధనల కాగితాలు నాకూ పంపు. ఆదివారం తీరిగ్గా కూర్చుని మినహాయింపుల పేజీలు నేనూ చదువుతాను, అనుమానం ఉన్నచోట గీత గీసి పంపుతాను. మోతాదు షరతు మూడింటిలోనూ ఉంటే కంగారు పడకు, నాలుగోది వెతుకుదాం, ప్రయాణానికి ఇంకా ఆరు వారాల వ్యవధి ఉంది. డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళుతున్నారో రాయి. అమ్మకు నా నమస్కారాలు చెప్పు. మనవరాలిని మొదటిసారి ఒళ్ళోకి తీసుకున్నప్పటి ఫోటో నాకు పంపడం మరిచిపోకు.

ఇట్లు
నీ మిత్రుడు