ఫొటోల సైజు మార్చే మీ సాఫ్ట్‌వేర్‌లోని లోపాలపై ఫిర్యాదు

నరసాపురం,
పశ్చిమ గోదావరి జిల్లా.

వినియోగదారుల సేవా విభాగాధికారి గారికి,

విషయం: ‘నాణ్యత ఏమాత్రం తగ్గదు’ అన్న హామీతో మీరు అమ్మిన సాఫ్ట్‌వేర్ వల్ల లేసు ఫొటోలు పాడవడం గురించి.

ఆర్యా,

నరసాపురం, పాలకొల్లు, రాజోలు పరిసరాల్లో ఆడవాళ్లు ఇళ్ల దగ్గర అల్లే లేసు బల్లగుడ్డలకు, దిండు గలేబులకు ఫొటోలు తీసి, ఎగుమతిదారులకు కేటలాగులు తయారుచేసి ఇవ్వడం నా వృత్తి. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ అల్లికను విదేశీ కొనుగోలుదారు మొదట చూసేది ఫొటోలోనే. అందులో దారం మెలికలూ కన్నాలూ విడివిడిగా కనిపించకపోతే, చేత్తో అల్లిన లేసుకూ యంత్రం మీద తయారైన లేసుకూ తేడా తెలియదు. మీ హామీని నమ్మి ఏడాది చందా కట్టింది ఇందుకోసమే.

నా కెమెరా ఫొటో 6000×4000 పిక్సెళ్లు (ఫొటోలోని అతి చిన్న రంగు చుక్కలు) ఉంటుంది. వెబ్‌సైటు కోసం దాన్ని 1500×1000కు తగ్గించాలంటే, అడ్డంగా నాలుగు, నిలువుగా నాలుగు చొప్పున 16 పిక్సెళ్లున్న చోట ఒక్కటే మిగులుతుంది. ఆ పదహారింటినీ, అవసరమైతే చుట్టుపక్కల వాటినీ లెక్కలోకి తీసుకుని కొత్త పిక్సెల్ రంగును నిర్ణయించడం సరైన పద్ధతి. మీ సాఫ్ట్‌వేర్ ఇచ్చిన ఫొటోలు చూస్తే, పదహారింటిలో ఒకదాన్ని ఉంచుకుని తక్కిన పదిహేనింటినీ వదిలేసినట్లే ఉంది. సన్నని దారం అక్కడక్కడ తెగినట్లు కనిపిస్తోంది. వలలా అల్లిన భాగంలో, అసలు గుడ్డ మీద లేని చారలు అలలు అలలుగా తేలుతున్నాయి. అదే ఫొటోను ఉచితంగా దొరికే ఇమేజ్‌మ్యాజిక్ అనే సాఫ్ట్‌వేర్‌లో, చుట్టుపక్కల పిక్సెళ్లనూ లెక్కలోకి తీసుకునే లాంజోస్ పద్ధతిలో తగ్గించి చూశాను. దారం తెగలేదు, చారలు రాలేదు. చిన్న ఫొటోలో కొంత వివరం పోక తప్పదని నాకు తెలుసు. పోక తప్పనిది పోయినందుకు కాదు, ఉండవలసింది చెడినందుకు ఈ ఫిర్యాదు.

ఫొటోను కుదించి చిన్న ఫైలుగా ఉంచే జేపీఈజీ రూపంలో భద్రపరచేటప్పుడు నాణ్యత ఎంత ఉండాలో ఎంచుకునే వీలు కూడా మీరు ఇవ్వలేదు. జేపీఈజీ ఫొటోను 8×8 పిక్సెళ్ల గళ్లుగా విడగొట్టి కుదిస్తుంది కనుక, కుదింపు మితిమీరితే నల్లగుడ్డ మీద పరచిన తెల్లదారం చుట్టూ మురికి పట్టినట్లు మచ్చలు ఏర్పడతాయి. సరిగ్గా అదే జరిగింది. పైగా అడోబ్ ఆర్‌జీబీ అనే రంగుల పద్ధతిలో ఉన్న ఫొటోల నుంచి, ఆ రంగులను ఎలా చూపాలో తెరకు చెప్పే కలర్ ప్రొఫైల్‌ను తొలగించడంతో అంచుల్లోని ఎర్రదారం వెలిసిపోయినట్లు కనిపిస్తోంది.

నన్ను అన్నిటికంటే బాధించింది ఫొటోను పెద్దది చేసే సదుపాయం. కృత్రిమ మేధతో పనిచేసే ఆ సదుపాయం లేని వివరాన్ని ఊహించి నింపుతుంది. మనిషి ముఖానికో, పొలం గట్టుకో అది చెల్లుతుందేమో గాని లేసుకు చెల్లదు. ఒక బల్లగుడ్డ మధ్యనున్న పువ్వు చుట్టూ కొన్ని కన్నాలు మూసుకుపోయాయి, మరికొన్ని కొత్తగా పుట్టాయి. అల్లిన మనిషి వేయని మెలిక ఫొటోలో ఉంటే అది ఆమె పని కాదు. ఆ ఫొటో చూసి ఆర్డరిచ్చిన వారికి మేము పంపే సరుకు వేరే నమూనాలా కనిపిస్తుంది. ఎగుమతిదారు ఆ పేజీలను తిప్పి పంపారు, వాటిని మళ్లీ నా ఖర్చుతోనే తయారుచేయవలసి వచ్చింది.

ఇవన్నీ వివరిస్తూ గతంలో రాసినప్పుడు, మంచి వెలుతురులో ఫొటోలు తీయమని మీ సిబ్బంది సలహా ఇచ్చారు. మూల ఫొటోలను, మీ సాఫ్ట్‌వేర్ ఇచ్చిన వాటిని పక్కపక్కన పెట్టి ఈ లేఖకు జతచేస్తున్నాను. లోపం వెలుతురుది కాదని చూడగానే తెలుస్తుంది.

నేను కట్టిన చందాను పూర్తిగా తిరిగి చెల్లించగలరు. సైజు తగ్గించే పద్ధతినీ జేపీఈజీ నాణ్యతనూ ఎంచుకునే అవకాశం కల్పించి, కలర్ ప్రొఫైల్ చెరగకుండా చూడగలరు. పెద్దది చేసిన ఫొటోలో ఊహించి చేర్చిన వివరం ఉంటుందని కొనేముందే కనిపించేలా రాసి, ‘నాణ్యత ఏమాత్రం తగ్గదు’ అన్న ప్రకటనను తొలగించగలరు. 15 రోజుల్లోగా లిఖితపూర్వక సమాధానం రాకపోతే, వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనగా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేస్తాను.

ఇట్లు,
భవదీయుడు,
(సంతకం)
లేసు కేటలాగుల ఫొటోగ్రాఫరు, నరసాపురం.