పగిలింది మా బాపు పని కాదు సార్, మీరు పంపిన డ్రాయింగ్: సిరొంచ నుంచి మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

నేను మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకా నుంచి రాస్తున్న. మా ఇంట్ల తాత కాలం నుంచి వడ్ల పనే, అంటే కర్ర పనే. ఇప్పటికే మరాఠీల మూడు అర్జీలు పెట్టినం, అందుల ఒకటి నేనే సుమారు 200 కిలోమీటర్లు బస్సుల కూసోని జిల్లా ఆఫీసుకు పోయి చేతికిచ్చి వచ్చిన. ముద్ర కొట్టిన కాగితం నా దగ్గర ఉంది, జవాబే లేదు. అందుకే ఈసారి మేం ఇంట్ల మాట్లాడుకునే తెలుగులనే అందరికీ కనపడేటట్టు రాస్తున్న, ఎవరన్నా మీకు చదివి చెప్తరని ఆశ.

చేతిపనోళ్ళకు కేంద్రం పెట్టిన విశ్వకర్మ పథకం గురించి మీకు నేను చెప్పేదేం లేదు. 15,000 రూపాయల టూల్‌కిట్, ట్రైనింగ్‌ల రోజుకు 500, అవన్నీ మీకు ఎరుకే. మా గోస పనిముట్లది కాదు, డిజైన్‌ది.

పోయినేడు వానకాలంల డిజైన్ వర్క్‌షాప్ అని ఒక ఏజెన్సీ వాళ్ళు వచ్చిన్రు. మూడు రోజులు ఉన్నరు. కంప్యూటర్ల గీసిన డ్రాయింగ్‌లు చేతిల పెట్టి టేకు ట్రేలు 40 చెయ్యమన్నరు. అడుగున 14 అంగుళాల వెడల్పు ఒక్కటే పలక, చుట్టూ ఫ్రేం, నాలుగు దిక్కుల బంక పెట్టి స్క్రూలు బిగించాలె. బాపు డ్రాయింగ్ చూసి అప్పుడే అన్నడు, ఇట్ల కట్టేస్తే ఎండకాలం పలక పగుల్తది అని. ఏజెన్సీ పిల్లగాడు మర్యాదగానే మాట్లాడిండు గని, కాకా మీరు డ్రాయింగ్‌ల ఉన్నట్టే చెయ్యండి, డిజైన్ అప్రూవ్ అయిపోయింది అన్నడు.

కర్ర పొడవుకు పెద్దగ పెరగది తరగది సార్. అడ్డంగనే వానకాలం ఉబ్బుతది, ఎండకాలం గుంజుకుంటది. మా దిక్కు ఎండలు మీకు తెలుసు. అందుకే దర్వాజ చేసేటప్పుడు నడుమ పలకను ఫ్రేం గాడిల వదులుగ కూసోబెడ్తం, బంక రాయం, మేకు కొట్టం, లోపల ఒక సూతు (అంగుళంల ఎనిమిదో వంతు) సందు ఇడుస్తం, పలక అందులనే మెసులుకుంటది. బయటికి కనపడని ఆ సందు మా తాత డిజైన్. దర్వాజ కింది గడప రోజూ నీళ్ళతో తడుస్తది గనక దానికి చేవ ఉన్న కర్రే ఏరుతం, తెల్ల కర్ర పెడితే చెదలు తింటది, అది గూడ డిజైనే. పై కమ్మి మీద పువ్వు చెక్కాలంటే బాపు ముందు ఉలి పట్టడు, కర్రను అటిటు తిప్పి ముడి యాడుందో, నార ఎటు పోతుందో చూసి అప్పుడు సుద్దతో గీస్తడు. మీరు డిజైన్ అంటే పైన గీసే పువ్వే అనుకుంటున్నరా సార్?

1958ల అమెరికా నుంచి పేరున్న డిజైనర్లు ఈమ్స్ దంపతులు వచ్చి మన దేశమంత తిరిగి, అన్నిట్ల మన చెంబునే మెచ్చుకున్నరు. తర్వాతనే 1961ల అహ్మదాబాద్‌ల డిజైన్ సంస్థ మొదలైంది. ఆ చెంబుకు డ్రాయింగ్ ఎవలు పంపిన్రు?

ఏప్రిల్ వచ్చేసరికి 40 ట్రేలల్ల 31 పగిలినయి. పచ్చి కర్ర వాడిన్రు, ఫినిషింగ్ బాగలేదు అని ఏజెన్సీ వాళ్ళు వాపస్ చేసిన్రు. రెండేండ్లు నీడకు ఆరేసిన కర్ర సార్ అది. కర్ర పైసలు మావి, కూలి మాది, మూడు నెలలు వేరే పని ముట్టుకోలే, ఇప్పటిదాక రూపాయి రాలే. పైసల కన్నా బాపుకు పచ్చి కర్ర అన్న మాట ఎక్కువ తాకింది. 2023 మార్చిల అయోధ్య గుడి తలుపులకు మా అడవి టేకు బల్లార్షా నుంచి ఊరేగింపుగ పోతుంటే ఫోన్ల చూసి మురిసిపోయిన మనిషి, ఇప్పుడు రందా పక్కన పెట్టి మాట్లాడకుంట కూసుంటుండు.

మా కర్ర మంచిదంటరు, చెయ్యి మంచిదంటరు, ఆలోచన మాత్రం బయట నుంచే రావాల్నా? డిజైనర్లు వద్దని కాదు, వాళ్ళు మాకు కావాలె, పట్నంల ఏం అమ్ముడుపోతదో మాకు తెల్వది. కని వచ్చినోళ్ళు ఒక వానకాలం, ఒక ఎండకాలం మా కొట్టంల ఉండాలె, డ్రాయింగ్ గీసే ముందు పని చేసేటోన్ని అడగాలె, ఆ కాగితం మీద ఆయన పేరు గూడ రాయాలె. డిజైన్ తప్పయితే నష్టం వడ్లోని నెత్తి మీద పెట్టొద్దు. మా పైసలు ఇప్పించండి. జవాబన్నా ఇప్పించండి సార్, అది గూడ రాకపోతే ఇంకెవలకు రాయాలె?

పగిలిన ట్రేలన్నీ ఇంట్ల అటక మీదనే ఉన్నయి. అప్పుడే, అదే కర్రతోని, బాపు ఒక ట్రే తన పద్ధతిల గాడి తీసి చేసి పెట్టుకున్నడు. అది గూడ అదే ఎండకు ఉన్నది, పగల్లే. ఎవర్నన్నా పంపండి, రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్త.

ఇట్లు,
ఒక వడ్లాయన కొడుకు,
సిరొంచ తాలూకా