విద్యాశాఖ మంత్రి గారికి ఒక స్కూలు లైబ్రేరియన్ బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

సమాచారం వెతికి వాడుకోవడాన్ని ఆరు దశల్లో నేర్పే పద్ధతి 'బిగ్ సిక్స్'. మీ శాఖ పంపిన దాని చార్టు మా లైబ్రరీ గోడకు అంటించాం. ఆరు దశలూ పెద్దక్షరాల్లో ఉన్నాయి. వాటిని నేర్పడానికి టైంటేబుల్‌లో లైబ్రరీ పీరియడే లేదు. ఎన్ని అర్జీలు పెట్టుకున్నా జవాబు లేదు. అధికారుల్ని కలిస్తే "పరిశీలనలో ఉంది" అంటారు. ఇక మీకే రాస్తున్నాను.

మొన్న 8వ తరగతి అమ్మాయి భూకంపాల మీద ప్రాజెక్టు తెచ్చింది. గుండ్రటి అక్షరాలు, కొట్టివేత ఒక్కటి లేదు. వాక్యాల చివర మాత్రం బ్రాకెట్లలో 4, 7, 12 అని అంకెలు. ఇవేంటమ్మా అంటే "నేను చూసి రాసిన పేజీలో అలాగే ఉన్నాయి మేడమ్" అంది. అవి ఆధారాల గుర్తులని, వాటిని పట్టుకుని వెళ్తే ఆ మాట ఎవరన్నారో తెలుస్తుందని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. మార్కులు మాత్రం పూర్తిగా పడ్డాయి. ఆ పిల్లను ఏమనగలం? సోమవారం టాపిక్ ఇచ్చి శుక్రవారానికి తెమ్మంటే ఎవరైనా చేసేది అదే.

అమెరికా లైబ్రరీ శాస్త్ర పరిశోధకురాలు కరోల్ కుల్తావ్ విద్యార్థుల్ని దగ్గరగా గమనించి చెప్పిన సంగతి మీ శాఖకు తెలియనిది కాదు. అంశం ఎంచుకున్నప్పుడు పిల్లలకు ఉత్సాహం ఉంటుంది. చదవడం మొదలుపెట్టాక ఒకచోట ఒకలా, మరోచోట మరోలా కనిపించి అయోమయంలో పడతారు. తమ ప్రశ్న ఏదో తేలాకే మళ్లీ ధైర్యం వస్తుంది. పెద్దవాళ్లు పక్కన కూర్చోవాల్సింది సరిగ్గా ఆ అయోమయంలోనే. మనం సమయం ఇవ్వనిదీ దానికే. అక్కడ ఒంటరిగా వదిలేస్తే పిల్లలు మొదట దొరికిన పేజీని ఎక్కించేస్తారు. తర్వాత కాపీ కొట్టారని వాళ్లనే తిడతాం. ఇది న్యాయమేనా?

శిక్షణ ఇచ్చామంటారు. ఒక్కరోజు స్లైడ్లు చూపించి, సంతకాలు పెట్టించుకుని పంపేశారు. అదీ లైబ్రేరియన్లకే. ప్రాజెక్టు ఇచ్చే సైన్సు, సోషల్ టీచర్లను పిలవనే లేదు. బిగ్ సిక్స్‌ను రూపొందించిన ఐసెన్‌బర్గ్, బెర్కోవిట్జ్ ఈ పద్ధతిని పాఠంతో కలిపి నేర్పమన్నారు, విడిగా కాదు. టీచరు ఒకవైపు, నేనొకవైపు ఉంటే అది పిల్లలకెలా అందుతుంది? ఆరో దశ మూల్యాంకనం. తయారైన పనినే కాదు, చేసిన తీరునూ చూడాలి. మా మార్కుల పట్టికలో అట్టకు మార్కులున్నాయి, బొమ్మలకున్నాయి, ఆధారాలు వెతికినందుకు లేవు.

సమాచార అక్షరాస్యత, అంటే సమాచారాన్ని వెతికి, బేరీజు వేసి వాడుకునే నేర్పు, పదేళ్లలో అందరికీ అందాలని అమెరికాలో సమాచార పరిశ్రమ సంఘం అధ్యక్షుడు పాల్ జుర్కోవ్‌స్కీ 1974లోనే అడిగారు. ఇప్పుడు పిల్లల చేతుల్లో ఫోన్లున్నాయి. అందంగా కనిపించే ప్రతి పేజీనీ నమ్మేస్తున్నారు. ఆ పేజీ ఎవరిదో తెలుసుకోవడానికి దాన్ని వదిలి మరో నాలుగు చోట్ల చూడాలని పక్కన కూర్చుని చూపిస్తే తప్ప వాళ్లకు అలవాటు కాదు.

అయ్యా, వారానికి ఒక్క పీరియడ్ ఇప్పించండి. టీచర్లనూ మమ్మల్నీ కలిపి కూర్చోబెట్టండి. ప్రాజెక్టుకు కనీసం కొన్ని వారాల గడువివ్వండి. వెతికిన తీరుకు మార్కులు పెట్టనివ్వండి. వచ్చే ఏడాది టైంటేబుల్ ఖరారయ్యేలోపే ఉత్తర్వు రావాలి. ఆ తర్వాత వస్తే మరో తరగతి పిల్లలు ఇలాగే దాటిపోతారు.

ఇట్లు,
ఒక స్కూలు లైబ్రేరియన్