స్టడీ అవర్లలో వల్లెవేత తగ్గాలి

సంపాదకులు గారికి,

పదో తరగతి పరీక్షలు దగ్గరపడే కొద్దీ కావలి, కందుకూరు, ఒంగోలు ప్రాంతాల బడుల్లోనూ హాస్టళ్లలోనూ తెల్లవారుజామునే స్టడీ అవర్లు మొదలవుతాయి. ఎన్ని గంటలు చదివించామన్న లెక్క ఉంటుంది గానీ, ఆ గంటల్లో పిల్లలు చదివినదాని గురించి ఏమైనా ఆలోచించారా అని అడిగేవారు అరుదు. ఇది నన్ను చాలా బాధిస్తోంది.

ఒక విషయం ఎంతకాలం గుర్తుంటుందన్నది దాని అర్థాన్ని మనసు ఎంత లోతుగా పట్టించుకుందన్నదాని మీద ఆధారపడుతుందని మనస్తత్వ శాస్త్రవేత్తలు ఫెర్గస్ క్రేక్, రాబర్ట్ లాక్‌హార్ట్ 1972లోనే ప్రతిపాదించారు. 1975లో క్రేక్, ఎండెల్ టుల్వింగ్ తమ ప్రయోగాల్లో పాల్గొన్నవారికి ఒక్కొక్క మాటను క్షణకాలం చూపి, కొన్నింటికి అక్షరాల రూపాన్ని గురించి, కొన్నింటికి ప్రాసను గురించి, మరికొన్నింటికి అవి ఫలానా వాక్యంలో అర్థవంతంగా ఇముడుతాయా అన్నదాన్ని గురించి ప్రశ్నలు వేశారు. ఆపైన చెప్పకుండా పరీక్ష పెడితే, అర్థాన్ని ఆలోచించిన మాటలనే ఎక్కువగా గుర్తుపట్టారు.

మన పిల్లలు 'ఈశాన్య రుతుపవనాలు, అక్టోబరు నుంచి డిసెంబరు' అన్న బిట్టును అదేపనిగా వల్లెవేస్తారు. గోదావరి జిల్లాల్లో వానలు తగ్గుముఖం పట్టాక మన నెల్లూరులో ఎందుకు కుండపోతగా కురుస్తాయని అడిగితే, ఆ గాలులు బంగాళాఖాతం మీదుగా వస్తూ తేమను మోసుకొస్తాయన్న కారణాన్ని వారే వెతుక్కుంటారు. కారణంతో ముడిపడిన ఆ నెలలు వారికి అంత తేలిగ్గా మరుపుకు రావు.

వల్లెవేతే వద్దని నేననను. ఎక్కాలకూ పద్యాలకూ అది కావలసిందే. పరీక్ష దేన్ని అడుగుతుందో దాని మీద దృష్టి పెట్టడమే మేలు: ప్రాసను బట్టి గుర్తుపట్టే పరీక్షలో ప్రాస మీద దృష్టి పెట్టినవారే మెరుగ్గా రాణించారని 1977లో మారిస్, బ్రాన్స్‌ఫర్డ్, ఫ్రాంక్స్ అనే పరిశోధకులు చూపించారు. అయితే సైన్సు, సోషల్ జవాబులను కూడా ఎక్కాల్లాగే అప్పజెప్పించుకోవడం తగదు.

మళ్లీ మళ్లీ చదవడం తాత్కాలికంగా లాభమనిపిస్తుంది. 2006లో రోడిగర్, కార్పికే జరిపిన పరిశోధనలో అయిదు నిమిషాల తర్వాత మళ్లీ చదివినవారిదే పైచేయి అయినా, వారం గడిచేసరికి పుస్తకం చూడకుండా గుర్తుచేసుకుని రాసినవారే ముందున్నారు.

కాబట్టి నెల్లూరు, ప్రకాశం జిల్లాల విద్యాధికారులు స్టడీ అవర్‌లో కనీసం సగం సమయాన్ని పుస్తకం మూసి సొంత మాటల్లో రాయడానికీ, 'ఎందుకు' అన్న ప్రశ్నలకూ కేటాయించేలా ఆదేశాలివ్వాలని, ఆ మార్పు పరీక్షల ముందు కాక జూన్‌లో బడులు తెరిచిన నాటి నుంచే అమలయ్యేలా చూడాలని కోరుతున్నాను.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కావలి, నెల్లూరు జిల్లా