బండికి ఒకే నంబరు, పన్నుకు ప్రభుత్వాల మధ్య లెక్క: కేంద్ర రవాణా మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల శాఖ మంత్రి శ్రీ నితిన్ గడ్కరీ గారికి,

నమస్కారాలు.

బెంగళూరులో మారతహళ్లి, కె.ఆర్.పురం, వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీ ప్రాంతాల్లో ఏ అపార్టుమెంటు సెల్లారులోకి దిగి చూసినా ఏపీ, టీఎస్, టీజీ నంబర్ల బండ్లు కనబడతాయి. వాటి యజమానుల్లో చాలామంది అనంతపురం, హిందూపురం, మదనపల్లె, చిత్తూరు, కడప వైపు నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగమో వ్యాపారమో చేసుకుంటూ, ఊళ్లో ఉన్న తల్లిదండ్రుల కోసం, పొలం పనుల కోసం, పండుగలకూ పబ్బాలకూ అదే బండిలో రాష్ట్ర సరిహద్దు దాటి వెళ్లి వచ్చేవారు. నేనూ వారిలో ఒకణ్ణి. వీరికి ఇల్లు ఇక్కడా ఉంది, అక్కడా ఉంది. మోటారు వాహనాల చట్టం మాత్రం ఒక మనిషికి నివాసం ఒక్కటేననీ, ఒక బండి రాత్రిళ్లు నిలిచే చోటు ఒక్కటేననీ అనుకుని రాసినది. ఈ చట్టాన్ని ఎక్కడెక్కడ సవరిస్తే మా బోటివారికి న్యాయం జరుగుతుందో మీ దృష్టికి తేవడానికే ఈ లేఖ రాస్తున్నాను.

1988 నాటి ఆ చట్టంలో 46వ సెక్షన్ ప్రకారం ఒక రాష్ట్రంలో చేసిన రిజిస్ట్రేషన్ దేశమంతటా చెల్లుతుంది. ఆ మాట చదివి స్థిమితపడేలోగానే 47వ సెక్షన్ వస్తుంది. ఒక రాష్ట్రంలో రిజిస్టరైన వాహనాన్ని మరో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే, అక్కడి అధికారి దగ్గర కొత్త నంబరు తీసుకోవలసిందేనని అది చెబుతుంది. ఆ 12 నెలలను ఎలా లెక్కపెట్టాలో మాత్రం ఆ సెక్షన్ చెప్పదు. రెండు వారాలకొకసారి బాగేపల్లి టోల్ గేటు దాటి అనంతపురం వెళ్లివచ్చే కారు కర్ణాటకలో ‘ఉంచిన’ కారా, కాదా? వెళ్లిన ప్రతిసారీ లెక్క మళ్లీ మొదటికి వస్తుందా, లేక మొత్తం రోజులు కూడుతూ పోతారా? దీనికి చట్టంలో జవాబు లేదు కనుక రోడ్డు మీద బండి ఆపిన అధికారి చెప్పిందే జవాబవుతుంది. రుజువు చూపించవలసిన భారం కూడా యజమాని మీదే పడుతుంది కాబట్టి, పాత టోల్ రసీదులు, ఊళ్లో పెట్రోలు పోయించుకున్న బిల్లులు డ్యాష్‌బోర్డు అరలో దాచుకునే అలవాటు మాలో చాలామందికి ఉంది.

సరే, నియమం ప్రకారమే నంబరు మార్చుకుందామనుకున్నవారి సంగతి చూడండి. మొదట పాత రాష్ట్రం నుంచి ఫారం 28 మీద నిరభ్యంతర పత్రం, అంటే అందరూ ఎన్‌ఓసీ అని పిలిచేది, తెచ్చుకోవాలి. బండి మీద అప్పు ఉంటే దానికి ముందే బ్యాంకు అనుమతి కావాలి. దొంగతనం కేసులేమీ లేవని పోలీసుల నివేదిక రావాలి. 30 రోజుల్లోగా అధికారి ఏ సంగతీ తెలియజేయకపోతే అనుమతి ఇచ్చినట్టే భావించాలని 48వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. అయితే ఆ ‘భావించిన’ అనుమతిని కాగితం లేకుండా ఏ కౌంటరులో చూపించగలం? పత్రం చేతికొచ్చాక కొత్త రాష్ట్రంలో ఫారం 27 నింపి, బండిని తనిఖీకి చూపించి, అక్కడి జీవితకాల పన్ను కట్టి, కొత్త నంబరు ప్లేటు బిగించుకోవాలి. నంబరు మారింది కాబట్టి బీమా పాలసీలోనూ, ఫాస్టాగ్‌లోనూ, బ్యాంకు రికార్డుల్లోనూ దాన్ని మార్పించుకోవాలి. ఇదంతా ఉద్యోగానికి సెలవు పెట్టకుండా పూర్తిచేయడం కష్టం కనుకనే ఆర్టీఓ కార్యాలయాల చుట్టుపక్కల ఏజెంట్లకు ఎన్నడూ పని కరువు కాలేదు.

వీటన్నిటికంటే బరువైనది పన్ను. కర్ణాటక జీవితకాల పన్ను దేశంలోని ఎక్కువ రేట్లలో ఒకటి. 20 లక్షలు దాటిన కారుకు 18 శాతం, దాని మీద సెస్సు అదనం. బండి కొన్ననాడే ఒక రాష్ట్రానికి జీవితకాలానికంతా పన్ను కట్టిన మనిషి, ఇక్కడికి వచ్చాక బండి వయసును బట్టి కొంత తగ్గించిన రేటు మీద మళ్లీ కట్టాలి. పాత రాష్ట్రంలో మిగిలిపోయిన కాలానికి తిరిగి రావలసిన సొమ్ము కోసం ఆ తరువాత అక్కడికి దరఖాస్తు పెట్టుకోవాలి. ముందు కట్టడం, తరువాత అడగడం, ఆపైన ఎదురుచూడటం ఇక్కడి పద్ధతి. రెండు ప్రభుత్వాలు తమలో తాము తేల్చుకోవలసిన లెక్కను మధ్యలో పౌరుడు తన జేబులోంచి సర్దుతున్నాడు. నా ఉద్దేశంలో మొత్తం సమస్య ఇదే. పైకి నంబరు ప్లేటు తగాదాలాగా కనిపించేది లోపల పన్ను తగాదా.

ఈ తగాదా కర్ణాటకలో ఎంత దూరం వెళ్లిందో మీకు తెలియనిది కాదు. 2014లో రాష్ట్ర పన్నుల చట్టాన్ని సవరించి, బయటి రాష్ట్రపు వాహనం 30 రోజులకు మించి ఇక్కడ తిరిగితే జీవితకాల పన్ను కట్టాలన్నారు. కేంద్ర చట్టం 12 నెలల గడువు ఇస్తుండగా రాష్ట్రం 30 రోజులకే పన్ను అడగడం చెల్లదని 2016లో హైకోర్టు ఆ సవరణను కొట్టివేసింది. తీర్పు యజమానులకు ఊరటనిచ్చిన మాట నిజమే. 12 నెలలను లెక్కపెట్టే పద్ధతి మాత్రం అంతకు ముందు ఎంత అస్పష్టంగా ఉండేదో తరువాతా అంతే.

మీ శాఖ 2021 ఆగస్టులో నోటిఫై చేసి సెప్టెంబరు 15 నుంచి అమల్లోకి తెచ్చిన బీహెచ్ (భారత్) సిరీస్ నంబర్లను నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. ఆ నంబరున్న వాహనానికి రాష్ట్రం మారినప్పుడు కొత్త నంబరు అక్కర్లేదు, పన్ను రెండేసి సంవత్సరాలకు కడితే చాలు. అయితే అది ఎవరికి? రక్షణ సిబ్బందికి, కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు, ప్రభుత్వ రంగ సంస్థల వారికి, నాలుగు లేదా అంతకంటే ఎక్కువ రాష్ట్రాల్లో, కేంద్రపాలిత ప్రాంతాల్లో కార్యాలయాలున్న ప్రైవేటు సంస్థల ఉద్యోగులకు. చిన్న కంపెనీలో పనిచేసే ఇంజనీరుకు లేదు. హోసూరు రోడ్డు మీద హార్డ్‌వేర్ దుకాణం నడిపే వ్యాపారికి లేదు. పదవీ విరమణ చేసి సగం రోజులు కొడుకు దగ్గర, సగం రోజులు సొంత ఊళ్లో గడిపే ఉపాధ్యాయుడికి కొత్తగా ఆ నంబరు తీసుకునే దారి లేదు. వీరి బండి సరిహద్దు దాటడం ఉద్యోగమిచ్చిన సంస్థ జారీ చేసే బదిలీ ఉత్తర్వు మీద ఆధారపడి లేదు, బతుకుతెరువు మీదా కుటుంబం మీదా ఆధారపడి ఉంది. అర్హతను ఉద్యోగానికి ముడిపెట్టినంత కాలం ఈ సిరీస్ మంచి పథకంగానే ఉంటుంది తప్ప సంస్కరణ అనిపించుకోదు.

దారి మీ చేతిలో లేదనుకోవడానికి వీల్లేదు. లారీలకు 2010లో తెచ్చిన జాతీయ పర్మిట్ పద్ధతిలో యజమాని ఏడాదికి ఒక మొత్తాన్ని ఒకచోట కడితే, దాన్ని రాష్ట్రాలకు పంచుతున్నారు. 2021లో పర్యాటక వాహనాలకూ అఖిల భారత పర్మిట్ వచ్చింది. జీఎస్టీలో ఒక రాష్ట్రంలో అమ్మి మరో రాష్ట్రంలో వాడిన సరుకు మీది పన్నును ప్రభుత్వాలు తమలో తాము సర్దుబాటు చేసుకుంటున్నాయి. దుకాణదారుడు ఒక రాజధానిలో కట్టి మరో రాజధానిలో వాపసు అడుక్కోవడం లేదు. వ్యాపారానికి తిరిగే లారీకి సాధ్యమైనది తల్లిని ఆసుపత్రికి తీసుకెళ్లే కారుకు ఎందుకు సాధ్యం కాదు?

వాహనాల మీద పన్ను రాష్ట్రాల హక్కు అనే జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. అది నిజం, కానీ సగం నిజం. రాజ్యాంగం ఏడవ షెడ్యూలులో రాష్ట్రాల జాబితాలోని 57వ అంశం ఆ హక్కును ఇస్తూనే, దాన్ని ఉమ్మడి జాబితాలోని 35వ అంశానికి లోబరిచింది. ఆ 35వ అంశం వాహనాల మీద పన్ను ఏ సూత్రాల ప్రకారం వేయాలో నిర్ణయించే అధికారాన్ని పార్లమెంటుకు కూడా ఇచ్చింది. రేటు రాష్ట్రానిదే కావచ్చు. ఒకే బండి మీద ఒకే కాలానికి రెండు రాష్ట్రాలు పన్ను పట్టుకుని ఉండరాదన్న సూత్రం మాత్రం మీరు తేగలరు.

రాష్ట్రాల భయంలో న్యాయం లేకపోలేదు. పన్ను తక్కువని పుదుచ్చేరిలో ఏదో ఒక చిరునామా చూపించి ఖరీదైన కార్లు రిజిస్టర్ చేయించి, వాటిని బెంగళూరులోనో కొచ్చిలోనో తిప్పేవారిని అందరం చూస్తూనే ఉన్నాం. అలాంటి ఎగవేతను పట్టుకోవలసిందే. దానికి అందరి బండ్లనూ ఆపి అనుమానించడం కంటే మంచి సాధనం ఇప్పటికే ఉంది. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి అయింది. ఏ బండి ఏ రోజు ఏ టోల్ గేటు దాటిందో అందులో నమోదవుతుంది. యజమాని సమ్మతితో ఆ రికార్డును 12 నెలల లెక్కకు రుజువుగా అంగీకరిస్తే నిజంగా అటూ ఇటూ తిరిగేవాడు ఒడ్డున పడతాడు. చిరునామా మాత్రమే పక్క రాష్ట్రంలో ఉన్నవాడు తనంతట తానే బయటపడతాడు.

తనిఖీ సంగతి పన్నంత చిక్కుది కాదు. పొల్యూషన్ సర్టిఫికెట్ ఏ రాష్ట్రంలో తీసుకున్నా అంతటా చెల్లుతోంది, ఎవరికీ ఇబ్బంది కలగలేదు. 15 ఏళ్లు నిండిన సొంత బండికి రిజిస్ట్రేషన్ పొడిగింపు కోరే దరఖాస్తును వాహనం ఎక్కడ ఉంటే అక్కడి అధికారికి ఇవ్వాలని 1989 నాటి కేంద్ర నియమాల్లో 52వ నియమం ఇప్పటికే చెబుతోంది. యంత్రాలతో బండి సామర్థ్యాన్ని పరీక్షించే ఆటోమేటెడ్ కేంద్రాల్లో ఆ పరీక్షను మరో రాష్ట్రంలో చేయించుకోవచ్చని 2022లో మీ శాఖే సవరణ తెచ్చింది. అయినా కౌంటరు దగ్గర వినబడే మాట ‘ముందు ఎన్‌ఓసీ తెండి’ అనే. 2022 ఏప్రిల్ నుంచి కారు పొడిగింపు రుసుము 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. అంత కట్టేవాడికి బ్రేకులు చూపించడానికి వందల కిలోమీటర్లు పాత బండిని నడుపుకుంటూ పొమ్మనడం భద్రత పేరుతో భద్రతకే ఎదురు నడవడం. దీనికి కొత్త చట్టం అవసరం లేదు, రాష్ట్రాల రవాణా కమిషనర్లకు మీ శాఖ నుంచి ఒక స్పష్టమైన సూచన, దానికి తగినట్టు రిజిస్ట్రేషన్ పనులు జరిగే ‘వాహన్’ వెబ్‌సైటులో ఒక మార్పు చాలు.

కాబట్టి నా విన్నపం ఇది. ఆ తనిఖీ సూచనను వెంటనే జారీ చేయండి. బీహెచ్ సిరీస్ అర్హతను, రెండు రాష్ట్రాల్లో నివాసమో వ్యాపారమో ఉన్నట్టు పత్రాలు చూపగలిగిన ప్రతి పౌరుడికీ, ద్విచక్ర వాహనదారులతో సహా, విస్తరించండి. 47వ సెక్షన్‌ను సవరించే బిల్లులో, బండి పాత నంబరుతోనే ఉంటూ జీవితకాల పన్నులో మిగిలిన భాగం ప్రభుత్వం నుంచి ప్రభుత్వానికి బదిలీ అయ్యే ఏర్పాటు చేయండి. తేడా ఏదైనా ఉంటే అదొక్కటే యజమాని కడతాడు. 2019 సవరణతో చట్టంలో చేరిన జాతీయ వాహన రిజిస్టరు ఇందుకు తగిన పునాది. ఆ బిల్లు ముసాయిదాను తెలుగు, కన్నడ, తమిళ భాషల్లో కూడా ప్రజల ముందు పెట్టి, అభ్యంతరాలకు చాలినంత గడువు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
అనంతపురం జిల్లా నుంచి వచ్చి స్థిరపడిన ఒక వాహన యజమాని,
బెంగళూరు.